బండి ఆఫీసు దారికి, హంగులు ఊరి దారికి

హైదరాబాద్ ఐటీ కారిడార్‌ను ఒరుసుకుంటూ పోయే రోడ్లలో అన్నిటికన్నా వేగమైనది ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. కార్లు గంటకు 120 కిలోమీటర్ల వరకూ పోవచ్చు. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటల్లో దాని మీదికి ఎక్కే దారులున్నాయి. కానీ టూవీలర్‌కు అక్కడ ప్రవేశం లేదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్లు సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నగరానికి ఈ వైపున వేగం కోసమే కట్టిన రెండు పెద్ద రోడ్లూ బైకుకు మూసే ఉన్నాయి. పది లక్షలకు పైగా పోసి కొన్న నూట నలభై హార్స్‌పవర్ బైకైనా సరే, ఔటర్ పక్కన సర్వీసు రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ వెనకే నడవాలి. స్పోర్ట్ టూరింగ్ బైకు కొనాలా, ఏది కొనాలి, కొన్నాక దానికి ఏమేం చేయించాలి అన్న ఆలోచనను ఇక్కడి నుంచి మొదలుపెడితే చాలా తికమక తగ్గుతుంది.

ఈ రకం బైకు యూరప్ అవసరాల్లోంచి పుట్టింది. 1976లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్100ఆర్‌ఎస్‌ను దీనికి ఆద్యుల్లో ఒకటిగా చెప్పుకుంటారు. గాలి సొరంగంలో పరీక్షించి తయారుచేసిన నిండు తొడుగు(ఫెయిరింగ్)తో వచ్చిన బైకది. రేసు బైకులా నడుం పూర్తిగా వంచనక్కర్లేదు, క్రూజర్‌లా కాళ్లు చాపుకుని గాలికి ఎదురు కూర్చోనక్కర్లేదు. రోజుకు ఐదారొందల కిలోమీటర్లు వేగంగా, అలసట లేకుండా పోవడం దాని పని. మన దేశంలో ఈ కోరిక చిన్న ఇంజిన్లతో మొదలైంది. 2003లో హీరో హోండా కరిజ్మా, 2011లో హోండా సీబీఆర్ 250ఆర్, 2016 చివర్లో బజాజ్ డామినార్ 400, 2019లో సుజుకి జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పై అంతస్తులో కవాసాకి నింజా 650, నింజా 1000 ఎస్‌ఎక్స్ వచ్చాయి. హైదరాబాద్‌కే చెందిన మహావీర్ గ్రూపు సంస్థ ఆదీశ్వర్ ఆటో రైడ్ ఇండియా 2022లో జోంటెస్ 350ఎక్స్‌ను కూడా తెచ్చింది. ఐటీ కారిడార్‌లో వీటికి గిరాకీ ఎందుకో ఊహించడం కష్టం కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా మియాపూర్ నుంచో ఉప్పల్ నుంచో ఆఫీసుకు రావాలి, శనివారం తెల్లవారుజామున శ్రీశైలం బయల్దేరాలి, అపార్ట్‌మెంటులో పార్కింగ్ మాత్రం ఒక్క బండికే ఉంది. రెండు పనులూ ఒకే బండి చేయాలి.

ఇక్కడే చాలామంది లెక్క తలకిందులవుతోంది. బండిని శనివారాన్ని ఊహించుకుని కొంటున్నారు, మిగతా ఐదు రోజులూ ఓర్చుకుంటున్నారు. జరగాల్సింది దానికి రివర్సు. కొనేటప్పుడు ఆఫీసు దారిని చూసి కొనాలి, మార్పులు చేయించేటప్పుడు ఊరి దారిని చూసి చేయించాలి. ఇది రుచికి సంబంధించిన విషయం కాదు, యంత్రానికి సంబంధించినది. బైకులో కొన్ని గుణాలు ఫ్యాక్టరీలోనే ఖరారైపోతాయి. బరువు, ఇంజిన్ వేడి, వెడల్పు, మలుపు తిరగడానికి పట్టే జాగా, తాగే పెట్రోలు ఆ జాబితాలోవి. వాటిని ఏ మెకానిక్కూ మార్చలేడు. ఇంకొన్ని గుణాలు పానాతో మారిపోతాయి. గాలి తగలడం, సీటు గట్టిదనం, సామాను పెట్టుకునే చోటు, లైటు, సస్పెన్షన్ బిగువు అలాంటివి. నగరం పరీక్షించేది మొదటి జాబితాను, హైవే పరీక్షించేది ఎక్కువగా రెండో జాబితాను. మారనివాటిని షోరూంలో చూసుకోవాలి, మారేవాటిని తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

మారనివాటిలో మొదటిది బరువు. జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 దాదాపు 161 కిలోలు, నింజా 650 దాదాపు 196, నింజా 1000 ఎస్‌ఎక్స్ 238. చివరిది రెండు స్ప్లెండర్లను కలిపి తూచినా వాటికన్నా ఎక్కువే. కదిలే బండికి ఆ బరువు భారం కాదు, పైగా హైవే మీద నిలకడనిస్తుంది. కొత్తగూడ జంక్షన్‌లో అడుగడుగునా ఆగుతూ ఒక కాలి మీద దాన్ని నిలబెట్టాల్సి వచ్చినప్పుడు, ఆఫీసు బేస్‌మెంట్ ర్యాంపు మీద వెనక్కి తొయ్యాల్సి వచ్చినప్పుడు ఆ కిలోలన్నీ మనవే. రెండోది వేడి. బైకుల్లోని పెట్రోలు ఇంజిన్ తాను కాల్చిన ఇంధనంలో సాధారణంగా మూడో వంతుకు మించి కదలికగా మార్చలేదు. మిగిలినదంతా సైలెన్సర్ ద్వారా, రేడియేటర్ ద్వారా వేడిగా బయటికి పోవాల్సిందే. బండి పోతుంటే గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. ఆగితే ఫ్యాన్ తిరుగుతుంది, ఆ సెగ మోకాళ్ల దగ్గర తేలుతుంది. తొడుగు నిండుగా ఉండే కొద్దీ, ఇంజిన్ పెద్దదయ్యే కొద్దీ సెగ ఎక్కువ. కంపెనీలు వేడిగాలిని కాళ్ల మీదికి రాకుండా కిందికి మళ్లించే ఏర్పాట్లు చేస్తున్నాయి కానీ, మే నెలలో నలభై డిగ్రీల ఎండలో బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌కు ఏ ఏర్పాటూ చలువ పందిరి కాలేదు.

డబ్బు లెక్క కూడా మారని జాబితాలోదే. రోజుకు రానూపోనూ 40 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు అనుకుంటే 880 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో లీటరుకు 20 ఇచ్చే పెద్ద బైకు 44 లీటర్లు తాగుతుంది, 35 ఇచ్చే 250 సీసీ బైకు 25 లీటర్లతో సరిపెడుతుంది. లీటరు 107 రూపాయల లెక్కన తేడా నెలకు రెండు వేలు, ఏడాదికి 24 వేలు. పన్ను గీత మరీ పదునైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బైకుల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, 350 సీసీ దాటినవాటి మీద 40 శాతానికి ఎక్కింది. బీమాలోనూ అదే గీత ఉంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం కొత్త బైకుకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీ దాకా 7,365 రూపాయలు, అది దాటితే 15,117. అంటే సర్కారు కూడా ఒక రకంగా మన చేత చిన్న ఇంజినే కొనిపిస్తోంది. రోజూ ఐటీ కారిడార్‌కు తిరిగేవాళ్లకు 250 నుంచి 400 సీసీ మధ్య, 190 కిలోలకు అటూఇటుగా ఉండే బైకు చాలు. అంతకు మించినది సరదా కోసం కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. దాన్ని అవసరమని మాత్రం అనుకోకూడదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, చిన్న ఇంజిన్ హైవే మీద ఆయాసపడుతుందని. కొంత నిజం ఉంది. సింగిల్ సిలిండర్ ఇంజిన్ వంద దాటాక హ్యాండిల్‌లోనూ ఫుట్‌రెస్టుల్లోనూ వణుకు పుట్టిస్తుంది. వెనక మనిషి, రెండు వైపులా బ్యాగులతో కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు దాకా 570 కిలోమీటర్లు పోవాలంటే రెండు సిలిండర్ల 650 హాయి అన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ ప్రయాణం ఏడాదికి ఎన్నిసార్లు? కేంద్ర రవాణా శాఖ 2018లో ప్రకటించిన పరిమితుల ప్రకారం నాలుగు వరసల హైవే మీద బైకుకు గరిష్ఠ వేగమే 80. డామినార్ 400 ఇంజిన్ ఇచ్చే 40 హార్స్‌పవర్‌లో ఆ వేగానికి సగం కూడా ఖర్చు కాదు. పైగా సైబరాబాద్ వాసులు తరచూ వెళ్లే దారులు వేగానికి అనువైనవి కావు. వికారాబాద్ అనంతగిరికి పోయే చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల మధ్య, టిప్పర్లకు ఎదురుగా సాగుతుంది. శ్రీశైలం దారి మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అక్కడ గేటే మూసేస్తారు. తెరిచి ఉన్నప్పుడు కూడా ఘాట్ మలుపుల్లో కావాల్సింది గుర్రపు శక్తి కాదు, నమ్మదగిన బ్రేకులూ పట్టు ఉన్న టైర్లూ తేలిగ్గా ఒంగే బండీ. మధ్యస్థమైన బైకు అక్కడ పెద్ద బైకుకు ఏమాత్రం తీసిపోదు.

ఇక మార్పుల సంగతి. ఏం మార్చాలో తెలుసుకోవడానికి బజాజ్ కంపెనీ చేసిన పనిని చూస్తే చాలు. 2021 అక్టోబరు నుంచి డామినార్ 400కి ఫ్యాక్టరీలోనే టూరింగ్ సామగ్రి బిగించి ఇచ్చింది. పొడవైన వైజర్, చేతులకు గార్డులు, వెనక క్యారియర్, దానికి వీపు ఆనించుకునే దిండు, ఇంజిన్ కింద రక్షణ పలక, లెగ్ గార్డు, ఫోన్ ఛార్జింగ్ సాకెట్, నావిగేషన్ కోసం స్టాండు. జాబితా మొత్తంలో ఒక్క హార్స్‌పవర్ పెంచే వస్తువు లేదు. బండిని గీసి తయారుచేసిన ఇంజినీర్లు టూరింగ్ కోసం ఇంజిన్‌ను ముట్టుకోనవసరం లేదనుకున్నారు. పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాల ముందు నిలబడే కుర్రవాళ్లు మాత్రం సైలెన్సర్‌తోనే బేరం మొదలుపెడతారు.

గాలితో మొదలుపెడదాం. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 50 దగ్గర తెలియనిది 100కి వచ్చేసరికి నాలుగు రెట్లై ఛాతీని, మెడను నెడుతుంది. వైజర్ ఆ తోపును తగ్గిస్తుంది. అయితే ఎంత పొడవుంటే అంత మంచిదన్నది అపోహ. దాని అంచు మీది నుంచి లేచిన సుడి సరిగ్గా హెల్మెట్‌కు కొడితే తల ఊగుతుంది, చప్పుడు పెరుగుతుంది. ఆ వేగంలో హెల్మెట్ లోపలి చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. నాలుగైదు గంటల తర్వాత వచ్చే తలనొప్పికి చాలాసార్లు ఇంజిన్ కాదు, ఈ హోరే కారణం. మన ఎత్తుకు సరిపడేలా పైకీ కిందికీ జరిపే వైజర్, చెవుల్లో మెత్తటి ఇయర్‌ప్లగ్గులు కలిపినా సైలెన్సర్ ఖర్చులో చిన్న వంతు. అదే పొడవైన వైజర్ సిటీలో గాలాడకుండా చేస్తుంది కాబట్టి సోమవారం దించుకునేలా ఉండాలి.

తర్వాతది సామాను, ఇందులో ఆఫీసుకూ ఊరికీ సమాధానాలు వేరు. ఆఫీసుకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ల్యాప్‌టాప్‌ను వీపున మోస్తారు. భుజాలు లాగడం ఒకటైతే, పడితే ఆ గట్టి పలక వెన్నుకు ఆనుకుని ఉండటం ఇంకొకటి. వానకు తడవని, తాళం పడే చిన్న టాప్ బాక్సు ఈ రెంటినీ తీరుస్తుంది, దిగాక హెల్మెట్‌కూ చోటిస్తుంది. సైడ్ బాక్సులు అలా కాదు. బండి వెడల్పును హ్యాండిల్‌కన్నా పెంచేసి, మైండ్‌స్పేస్ ముందు రెండు కార్ల మధ్య ఇరికిస్తాయి. అందుకే స్టాండు మాత్రం శాశ్వతంగా బిగించి, గుడ్డ సంచులను ప్రయాణం రోజునే తగిలించుకోవడం మేలు. బరువును ఎక్కడ పెడుతున్నామన్నది మరీ ముఖ్యం. వెనక చక్రం ఇరుసుకు వెనక, ఎత్తున పెట్టిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, వేగంలో హ్యాండిల్ ఊగడానికి అదే కారణం. బాక్సు మీద కంపెనీ ముద్రించిన బరువు పరిమితి అందుకే. పనిముట్లు, నీళ్లు, బూట్లు కింద సైడ్ బ్యాగుల్లోకి పోవాలి, టాప్ బాక్సులో బట్టలుండాలి.

డబ్బు ఖర్చు కాని మార్పు ఒకటుంది, దాన్నే ఎవరూ చేయించరు. వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగ్ బిగువును చాలా బైకుల్లో టూల్‌కిట్‌లోని పానాతోనే మార్చుకోవచ్చు. ఒంటరిగా ఆఫీసుకు పోయేటప్పుడు వదులుగా, వెనక మనిషీ సామానూ ఎక్కినప్పుడు బిగువుగా పెట్టుకోవాలి. అలా పెట్టకపోతే వెనక కుంగి, హెడ్‌లైట్ ఎదుటి డ్రైవర్ కళ్లలో పడుతుంది, మలుపులో బండి బయటికి జారుతుంది, స్పీడ్ బ్రేకర్‌కు పొట్ట తగులుతుంది. కింద సైలెన్సర్ పెట్టె ఉండి 130 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉండే నింజా 650 లాంటి బైకులకు కాలనీ జనం సొంతంగా పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లు నిజంగానే శత్రువులు. బిగువు తర్వాత టైరు గాలి, బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ప్రతి ఐదారొందల కిలోమీటర్లకూ, వానలో నడిపిన ప్రతిసారీ చైన్ శుభ్రం చేసి నూనె పట్టించాలి. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న పంపు సీటు కింద పడతాయి. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అడవి దారిలో వాటి విలువ తెలుస్తుంది.

లైట్ల విషయంలో కాస్త హెచ్చరిక అవసరం. అదనపు ఎల్‌ఈడీలు చీకటి రోడ్డు మీద పనికొస్తాయి, సిటీలో వెలిగిస్తే ఎదుటివాణ్ని గుడ్డివాణ్ని చేస్తాయి. బిగించేవాళ్లు పని త్వరగా కావాలని హెడ్‌లైట్ వైరును గీకి అందులోంచే కరెంటు లాగుతారు. బ్యాటరీ నుంచి వేరే వైరు, మధ్యలో రిలే, ఫ్యూజు పెట్టించకపోతే వైరింగ్ కాలిపోవచ్చు, వారంటీ ఎలాగూ పోతుంది. హ్యాండిల్‌కు ఫోన్ బిగించేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పెద్ద ఇంజిన్ల వణుకు వల్ల ఐఫోన్ కెమెరా పాడయ్యే ప్రమాదముందని 2021 సెప్టెంబరులో యాపిల్ కంపెనీయే హెచ్చరించింది. వణుకును పీల్చుకునే రబ్బరు స్టాండు తప్పనిసరి.

సైలెన్సర్ మార్చేవాళ్లు చెప్పే కారణాల్లో ఒక్కటి మాత్రం వినదగ్గది: చప్పుడుంటే పక్క వాహనాలకు మన ఉనికి తెలుస్తుందని. కానీ సైలెన్సర్ మూతి వెనక్కి ఉంటుంది, ప్రమాదం ఎక్కువగా ముందు నుంచీ పక్క నుంచీ వస్తుంది. అద్దాలెత్తి, ఏసీ వేసి, పాట పెట్టుకున్న క్యాబ్ డ్రైవరుకు మనం దాటిపోయాకే ఆ మోత వినిపిస్తుంది. చట్టం సంగతి మరీ స్పష్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం వాహనం మౌలిక స్వరూపం మారేలా, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా ధ్రువీకరించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అలాంటి ఒక్కో మార్పుకూ ఐదు వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించొచ్చు. చప్పుడు, పొగ ప్రమాణాలు మీరితే మొదటిసారే పది వేల దాకా జరిమానా పడొచ్చు, లైసెన్సు మూడు నెలలు పోవచ్చు. షోరూం నుంచి వచ్చిన రోజే చీర గార్డు పీకేయడం ఒక ఫ్యాషన్. వెనక మనిషి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే చోటు, వెనక చక్రాన్ని సగమైనా కప్పే తొడుగు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోందని చాలామందికి తెలియదు. మార్పు సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: ఒక సాయంత్రం పానా పట్టుకుని కూర్చుంటే బండి మళ్లీ షోరూం స్థితికి రావాలి. వైజర్, బాక్సు, సీటు ఆ పరీక్షలో నెగ్గుతాయి. ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) రీమ్యాపింగ్, కోసిన ఫెండర్, గీకిన వైరు ఓడిపోతాయి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు వేసే మొదటి ప్రశ్నా దీని గురించే. బిగించిన వస్తువులను బీమా కంపెనీకి ముందే చెప్పి పాలసీలో రాయించుకోవడం కూడా ఇందులో భాగమే.

రక్షణ దుస్తులు దూర ప్రయాణాలకేనని, ఆఫీసుకు అవసరం లేదని ఇంకో నమ్మకం ఉంది. లాస్ ఏంజెలెస్‌లో సుమారు 900 బైకు ప్రమాదాలను పరిశీలించి హ్యారీ హర్ట్ బృందం 1981లో ఇచ్చిన నివేదిక దీన్ని ఏనాడో తోసిపుచ్చింది. ప్రమాదానికి ముందు బైకుల మధ్యగత వేగం గంటకు 48 కిలోమీటర్లే. ఇంకో వాహనంతో జరిగిన ప్రమాదాల్లో మూడింట రెండు వంతుల్లో తప్పు ఎదుటి డ్రైవరుదే. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మన కారిడార్‌లోనే ఒక ఉదాహరణ అందరికీ గుర్తుండే ఉంటుంది. 2021 సెప్టెంబరు 10 రాత్రి నటుడు సాయి ధరమ్ తేజ్ నడుపుతున్న బైకు దుర్గం చెరువు తీగల వంతెన దాటాక ఐకియా వైపు దారిలో జారింది. రోడ్డు మీద పేరుకున్న ఇసుక గురించి అప్పట్లో ఎంతో చర్చ జరిగింది. తలకు హెల్మెట్ ఉంది, మనిషి దక్కాడు. నిర్మాణాలు ఆగని ఈ ప్రాంతంలో లారీల నుంచి రాలే ఇసుకా కంకరా ప్రతి మలుపులోనూ ఉంటాయి. సైలెన్సర్ మీద పెట్టదలచిన ముప్పై వేలతో మంచి హెల్మెట్, మోచేతులకూ వీపుకూ గార్డులున్న జాకెట్, గ్లవ్స్, చీలమండ దాకా వచ్చే బూట్లు వస్తాయి.

ఇంతా చేసి బైకే ఎందుకు, మెట్రో ఉంది కదా అనొచ్చు. ఉంది. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా వచ్చి అక్కడే ఆగుతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేటల్లో పనిచేసేవాళ్లకు ఆ తర్వాతి దూరమే అసలు సమస్య. అడ్వెంచర్ బైకు మేలు కదా అన్న ప్రశ్నకు మాత్రం సగం తల ఊపాలి. సర్వీసు రోడ్ల గుంతలకు వాటి పొడవైన సస్పెన్షనే సరి. కానీ వాటి సీటు ఎత్తు. ఒకే ఇంజిన్ ఉన్న రెండు కవాసాకిల్లో నింజా 650 సీటు 790 మిల్లీమీటర్లైతే వెర్సిస్ 650ది 845. మధ్యస్థమైన ఎత్తున్న మనిషికి సిగ్నల్ దగ్గర ఆ రెండంగుళాలు చాలా ఎక్కువ. కాళ్లు నిండుగా నేలకు ఆనేవాళ్లు నిస్సంకోచంగా దాన్నే తీసుకోవచ్చు. ఆఫీసుకు స్కూటర్, ప్రయాణానికి పెద్ద బైకు అని రెండు కొనుక్కోగలవాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు. కాకపోతే ఏడాదికి రెండుసార్లు చేసే దూర ప్రయాణానికి పెద్ద బైకును అద్దెకు తీసుకోవడం, రెండో బండి బీమా, సర్వీసింగ్, పార్కింగ్‌ల కన్నా చవక.

షోరూం వాళ్లు టెస్ట్ రైడ్‌కు ఆదివారం ఉదయం రమ్మంటారు. అప్పుడు రోడ్లు ఖాళీ, గాలి చల్లన, ఏ బైకైనా బాగానే ఉంటుంది. మీరు బుధవారం సాయంత్రం ఆరున్నరకు అడగండి. రాయదుర్గం నుంచి కొండాపూర్ దాకా క్లచ్ నొక్కుతూ వదులుతూ వెళ్లి, అదే దారిన తిరిగి రండి. ఎడమ చెయ్యి, మోకాళ్లు చెప్పేది విని ఆ తర్వాతే అడ్వాన్సు కట్టండి.